బొంబాయికి పోయిన సీసా

లాలాగూడ, సికిందరాబాదు,
16-3-1953.

శ్రీయుత తపాలా శాఖ సూపరింటెండెంటు గారి సముఖమునకు,

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు టైమ్ ఆఫీసు గుమాస్తా కె. దేవానందం వ్రాసుకొను అర్జీ.

విషయం: పార్సిళ్ళ గుమాస్తా శ్రీ బ్రహ్మచారి గారిపై నేను చేసిన ఫిర్యాదును ఉపసంహరించుకొనుట, వారిని తిరిగి పనిలోకి తీసుకొనవలెనని కోరుట గురించి.

సూచిక: నా అర్జీ, తేది 16-12-1952. (దానిని తాము చదువకపోయి ఉంటే బాగుండెడిది. చదివినారు.)

అయ్యా,

1. నేను భీమునిపట్నం వాడిని. పన్నెండేళ్ళుగా సికిందరాబాదులో రైల్వే ఉద్యోగము చేయుచున్నాను. వర్క్‌షాపు గేటు వద్ద కూర్చుని ఎవరు ఏ నిమిషమున లోనికి వచ్చినదీ పుస్తకములో వ్రాయుట నా పని. కావున తేదీలు, వేళలు నేను తప్పు వ్రాయను. ఒక మనిషిని గురించి మాత్రము తప్పు వ్రాసినాను. దానిని దిద్దుకొనుటకు ఈ కాగితము.

2. నా మొదటి అర్జీలో బ్రహ్మచారి గారిని గురించి ఈ క్రింది మాటలు వాడియున్నాను: "రాతి గుండెవాడు." "రూలు పుస్తకము తప్ప తల్లిదండ్రులను ఎరుగనివాడు." "నేను కోస్తా వాడినన్న కక్షతో, ముల్కీ దురభిమానముతో నా పార్సిలును నిరాకరించినవాడు." ఈ మూడవ మాటకు నా వద్ద ఏ ఆధారమూ లేదు. ఉద్యోగములు స్థానికులకేనని నగరములో ముల్కీ గొడవలు జరిగి అప్పటికి మూడు నెలలే అయినది. ఆ మాట ఉంటే తమరు త్వరగా చూస్తారని వ్రాసినాను. త్వరగానే చూచినారు.

3. ఆ పార్సిలులో ఉన్నది "వైద్య సంబంధమైన వస్తువు" అని అప్పుడు సిగ్గుపడి వ్రాసితిని. ఇప్పుడు ఉన్నదున్నట్లు చెప్పుచున్నాను. అది నా తల్లి కాంతమణి గారి అంగిలి నుండి కోసి తీసిన చిన్న ముక్క. మినపగింజ అంత ఉండును. చిన్న సీసాలో మందునీళ్ళలో ఉన్నది.

4. మా వైపు ఆడవారిలో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని కాల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ అందురు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మా అమ్మ పధ్నాలుగో ఏట మొదలుపెట్టి నలభై నాలుగేళ్ళు అడ్డపొగ తాగింది. నన్ను ఎత్తుకొని తాగింది. మా నాన్న శవము వద్ద కూర్చుని కూడా తాగింది. లాలాగూడ క్వార్టర్లకు వచ్చిన తరువాత ఇరుగుపొరుగు వారు వింతగా చూచిరి గాని ఆమె లెక్కచేయలేదు.

5. గత నవంబరు 16వ తేదీ ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత మా చర్చి హాలులో అఖిల భారత కాన్సర్ సహాయ సంఘము వారు సభ పెట్టినారు. ఈ సంఘము వారి ప్రధాన కార్యాలయము బొంబాయిలో కలదు. దేశములోని ఊరూరా సభ్యులను చేర్చుకొని, పుండు ముదరక ముందే మనుషులను కనిపెట్టి ఆసుపత్రికి చేర్చుట వారి పని. సికిందరాబాదు శాఖను మారేడ్‌పల్లి వాస్తవ్యురాలు, నర్సు ఉద్యోగము చేసి విరమించిన మిస్ డోరా గారు నడుపుచున్నారు. ఆ రోజు ఆమె గోడకు బొమ్మలు తగిలించి మాట్లాడినారు. ఆమెతో వచ్చిన లేడీ డాక్టరు గారు వచ్చినవారందరి నోళ్ళూ తెరిపించి చూచినారు. మా అమ్మ మాత్రము వెనుక తలుపు గుండా ఇంటికి వెళ్ళిపోయింది.

డోరా గారు మరునాడు మా ఇంటికి వచ్చినారు.

"కాంతమణమ్మ గారూ, జస్ట్ ఒక్క నిమిషం. టార్చి వేసి చూస్తాను, అంతే."

"నా నోట్లో ఏటుందమ్మా సూడ్డానికి? పళ్ళు నల్లగా ఉన్నాయి. నవ్వుకోడానికా?" అని మా అమ్మ గడప దాటనివ్వలేదు.

ఆ వారములో డోరా గారు రెండవసారి వచ్చినారు. మా అమ్మ దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకొన్నది. మూడవసారి వచ్చినప్పుడు ఆమె నోటి మాటే ఎత్తలేదు. అరుగుపై కూర్చుని, "అమ్మా, నాకు అడ్డపొగ నేర్పండి. దాని సంగతేమిటో తెలియకుండా అందరికీ వద్దని చెప్తున్నాను, అది ఫెయిర్ కాదు," అన్నారు. మా అమ్మకు ఇది నచ్చినది. ఒక చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పి ఎట్లు పెట్టుకోవలెనో చూపించినది. అరవై ఏళ్ళ డోరా గారు దానిని నోట పెట్టుకొని, పెదవి కాల్చుకొని, కళ్ళద్దాలు ఊడి క్రింద పడేవరకు దగ్గినారు. మా అమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. నోరు తెరిచి నవ్వింది. నాన్న పోయిన తరువాత ఆమె అట్లా నవ్వగా నేను చూడలేదు.

డోరా గారు కళ్ళ నీళ్ళు కారుతూండగానే టార్చి వేసినారు.

చూచి, టార్చి ఆర్పి, చుట్టను మెల్లగా నేలపై పెట్టి, "దేవానందం గారూ, డిలే చేయకండి," అన్నారు.

6. నవంబరు 29వ తేదీన లేడీ డాక్టరు గారు ముక్క తీసినారు. అది ఏ రకపు పుండో బొంబాయిలోని సంఘము వారి ప్రయోగశాలలో ఉచితముగా పరీక్షింతురు. కాన్సర్ అని తేలినచో అక్కడి ఆసుపత్రిలో రేడియం వైద్యమునకు మంచము కూడా వారే ఇప్పింతురు. కాని మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ముక్క డిసెంబరు 24వ తేదీ లోపల బొంబాయి చేరవలెను, చేరనిచో మరల ఏప్రిల్ నెలకు గాని వీలు పడదని జాబు వచ్చినది. ఏప్రిల్ వరకు ఆగవచ్చునా అని నేను డాక్టరు గారిని అడిగితిని. ఆమె ఆగవచ్చుననీ అనలేదు, ఆగరాదనీ అనలేదు. చేతులు కడుగుకొనుటకు వెళ్ళినారు.

7. డిసెంబరు 1వ తేదీన నేను ఆ సీసాను రంపపు పొట్టుతో నింపిన రేకు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను చెక్కపెట్టెలో పెట్టి, గుడ్డ కుట్టి, లక్క ముద్ర వేసి మా పేట తపాలా కార్యాలయమునకు తీసుకొని వెళ్ళాను. బ్రహ్మచారి గారు పెట్టెను చెవి వద్ద పెట్టుకొని ఊపి చూచినారు.

"ఏందండీ ఇందుల?"

"మా అమ్మ అంగిలి ముక్క."

"మనిషిదా?"

"మనిషిదే."

ఆయన రూలు పుస్తకము తీసినారు. చాలాసేపు చదివినారు. నా వెనుక ఏడుగురు నిలుచున్నారు. "శవం గాని, శవంల కెల్లి తీసింది గాని పోవాలంటే మరణ సర్టిఫికెట్ జత చేయాలె," అన్నారు.

"మా అమ్మ బ్రతికే ఉన్నారండీ."

"ఆమె బతికున్నది. ఇది బతికున్నదా?"

నేను పెట్టెను చంకన పెట్టుకొని ఇంటికి వచ్చాను.

8. 4వ తేదీన డాక్టరు గారి సంతకముతో ధ్రువపత్రము తీసుకొని వెళ్ళాను. సీసాలో ద్రవము ఉన్నందున పనికిరాదన్నారు. 8వ తేదీన ద్రవము కారకుండ మైనము పోసి తీసుకొని వెళ్ళాను. సీసా అనేదే పనికిరాదన్నారు. తోటి గుమాస్తా ఒకరు లోపలి నుండి, "మామిడికాయ తొక్కు అని రాసి పంపుర్రి సాబ్, ఎవరు చూస్తరు," అన్నారు. ఆ మాట విని బ్రహ్మచారి గారు లేచి నిలబడినారు. ముఖము ఎర్రబడినది. "తొక్కు అని రాస్తే అసలే తీసుకోను! పోండ్రి!" అని కిటికీ తలుపు వేసినారు. తపాలా పని వేళలలో కిటికీ తలుపు వేయరాదని నేను మొదటి అర్జీలో వ్రాసినది దీనిని గురించియే.

9. 13వ తేదీ శనివారము మా అమ్మ తానే బయలుదేరింది. నేను వద్దన్నాను. "నాను బతికున్నానని నువ్వు సెప్తే నమ్మడు. నాను సెప్తాను," అన్నది. కిటికీ వద్ద నిలబడి, కమ్మీల మధ్యగా, డాక్టరమ్మకు కూడా సులభముగా తెరువని నోటిని ఆ పరాయి మగవానికి తెరిచి చూపించింది.

"సూడు బాబూ. బాగా సూడు. ఇక్కడ కోసినారు. రగతం ఇంకా వస్తంది. నాను సచ్చిపోనానా? సచ్చిపోయినదాన్ని నీ కాడికి నడిసొస్తానా? రాచపుండో కాదో తేల్చుకుందామని ఆ ముక్కని పంపతంటే, నువ్వు సావు కాయితం అడుగుతావేటి?"

బ్రహ్మచారి గారు చూచినారు. తరువాత, "నోరు మూసుకో అమ్మా, గాలి తగుల్తది," అన్నారు. ఆ మాటను నేను అవమానముగా తీసుకొన్నాను. నిరాకరణ వ్రాతమూలకముగా కావలెనని గట్టిగా అడిగాను. సోమవారమునాడు వ్రాసి, సంతకము చేసి ఇచ్చినారు. మంగళవారమునాడు నేను తమకు అర్జీ పంపాను.

10. నీవే రైలు ఎక్కి తీసుకొని పోరాదా, రైల్వే ఉద్యోగివి గదా అని తాము అనవచ్చును. నా భార్య మేబెల్‌కు అప్పుడు తొమ్మిదవ నెల. మొదటి ఇద్దరు బిడ్డలు పురిటిలోనే పోయినారు. ఇంటిలో ఇంకొక మగవాడు లేడు. మా చర్చి పెద్ద ఒకరు రైలు గార్డు. ఆయనను అడిగితే, "దేవానందం, నీ కోసం ఏదైనా తీసుకుపోతాను, అది తప్ప," అన్నారు. ప్రార్థన మాత్రము చేసినారు.

11. డిసెంబరు 18వ తేదీ గురువారము నాలుగున్నర గంటలకు నేను డ్యూటీ నుండి వచ్చేసరికి బ్రహ్మచారి గారు మా అరుగుపై కూర్చుని యుండిరి. చేతిలో గుడ్డసంచి, భుజాన కంబళి. కొట్లాడుటకు ఇంటికే వచ్చినారనుకొన్నాను.

"సీసా ఇయ్యుర్రి," అన్నారు.

"ఎందుకు?"

"ఆరు గంటలకు బొంబాయి బండి ఉన్నది. నాలుగు దినాలు లీవు రాసిచ్చిన."

"పోస్టులో తీసుకోనన్నారు గదా."

"పోస్టుల తీసుకోను. రూలు లేదు. నేను పోస్టును కాదు గద."

నేను లోనికి రమ్మన్నాను. మేబెల్ చాయ్ ఇచ్చినది. చాయ్ తాగుతూ ఆయన, ఎవరూ అడుగకుండానే, ఈ సంగతి చెప్పినారు. తమ కార్యాలయపు కాగితాలలో ఇది ఉండునో లేదో నాకు తెలియదు, కావున వ్రాయుచున్నాను.

1948 పోలీసు చర్యకు నెల ముందు, ఆయన జిల్లాలో ఒక చిన్న తపాలా కార్యాలయములో ఉండిరట. తెల్ల బట్టలు కట్టుకొన్న మర్యాదస్థుడు ఒకడు మూతికి గుడ్డ కట్టిన జాడీ తెచ్చి, మామిడికాయ తొక్కు, కూతురికి పంపుచున్నాననెనట. ఈయన తీసుకొని రసీదు ఇచ్చినారు. లోపల ఉన్నది మందుగుండు. సంచులు వేరుచేయు గదిలో అది పేలినది. వీరయ్య అను ముద్రలు వేయు మనిషికి కుడిచేతి వ్రేళ్ళు మూడు పోయినవి.

"రసీదు మీద దస్కత్ నాది," అన్నారు బ్రహ్మచారి గారు. "వీరయ్య ఇప్పుడు ఎడమచేత్తోని ముద్ర కొడ్తడు. నన్ను చూస్తే నమస్తే సుత పెడ్తడు. గందుకే సీసా అంటే నాకు పరేషాన్. మీరు తప్పు మనిషి అని కాదు."

మా అమ్మ లోపలి నుండి సీసాను చెక్కపెట్టెతో సహా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పెట్టెను మరల చెవి వద్ద పెట్టుకొని ఊపబోయి, మానుకొని, కంబళిలో చుట్టుకొన్నారు.

12. ఆ సాయంకాలమే, ఆయన స్టేషనుకు వెళ్ళిన వెంటనే, నేను పరుగున వెళ్ళి నా అర్జీని వెనుకకు తీసుకొనవలసినది. తీసుకొనలేదు. బండి బొంబాయి చేరవలెను, సీసా చేరవలెను, తరువాత చూచుకొందామనుకొన్నాను. ఎవరు ఎన్ని నిమిషములు ఆలస్యమైనదీ వ్రాసి వారి జీతము కోయించు ఉద్యోగిని నేను. నా ఆలస్యమును కూడా ఇక్కడ వ్రాయుచున్నాను.

13. ప్రయాణమును గురించి ఆయన చెప్పినది కొంచెము. వాడి జంక్షనులో బండి మారినారు. అక్కడ ఒక కానిస్టేబులు కంబళిలో ఏమున్నదని అడుగగా, అబద్ధము చెప్పుట తెలియక, "ఒక అమ్మ నోట్ల ముక్క," అన్నారట. కానిస్టేబులు డాక్టరు గారి ధ్రువపత్రము చదివి వదిలివేసెను గాని, ఆ రైలు డబ్బాలో ఉన్న ప్రయాణికులందరూ పక్క డబ్బాకు వెళ్ళిపోయిరి. ఆ విధముగా బొంబాయి వరకు ఆయనకు కాళ్ళు చాపుకొని పడుకొనుటకు బల్ల దొరికినది. పడుకొనలేదు. నిద్రలో చేయి తగిలి సీసా దొర్లునేమోనని కూర్చునే వెళ్ళినారు.

సంఘము వారి కార్యాలయములో సీసాను ఇచ్చి రసీదు అడిగినారు. ఇచ్చిన రసీదుపై ముద్ర లేదని తీసుకొనలేదు. ముద్ర ఉన్న అధికారి భోజనమునకు వెళ్ళియుండగా రెండు గంటలు వేచియుండి, ముద్ర వేయించుకొని వచ్చినారు. ఆ రసీదును ఇందుతో జతపరచినాను. అందులో "రోగికి బంధుత్వము" అన్న చోట "పార్సిళ్ళ గుమాస్తా" అని కలదు. తేది 20-12-1952.

14. నా అర్జీపై విచారణకు వచ్చిన తమ ఇన్‌స్పెక్టరు గారు 19వ తేదీన కిటికీ వద్ద ఆయన లేకుండుట చూచినారు. సెలవు చీటీ పోస్టుమాస్టరు గారి బల్లపై ఉన్నది గాని మంజూరు కాలేదు. మంజూరు కాకుండ వెళ్ళిన మాట నిజము. ఆయన తిరిగి వచ్చిన మరునాడే సస్పెండు చేసినారు. మెమోలో మొదటి నేరము: మంజూరు లేని గైర్హాజరు. రెండవది: తాను వ్రాతమూలకముగా నిరాకరించిన వస్తువును తానే చేరవేసి శాఖ నిర్ణయమును చులకన చేయుట. ఈ రెండవ నేరమును నేను పలుమార్లు చదివినాను. ఆయన ఆ సీసాను కాలువలో పారవేసి ఉండినచో శాఖ నిర్ణయమునకు ఏ లోపమూ కలుగకపోయెడిదని నాకు అర్థమైనది.

15. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. డిసెంబరు 21వ తేదీన నాకు ఆడపిల్ల పుట్టినది, తల్లీబిడ్డా క్షేమము. 29న సంఘము వారి తంతి వచ్చినది: పుండు కాన్సరే, అయితే ఇంకా ఎముకకు దిగలేదు, జనవరి 6న మంచము సిద్ధము. నేను అమ్మను తీసుకొని వెళ్ళి, నాలుగు రోజుల సెలవు ముగియగానే ఆమెను అక్కడ వదలి రావలసి వచ్చినది.

ఆమెకు తెలుగు తప్ప రాదు. వదలి ఎట్లు వచ్చితివని తాము అడుగవచ్చును. సంఘము వారు దూరపు ఊళ్ళ రోగులకు ఒక వసతి గృహము పెట్టినారు. అక్కడ పాలమూరు వైపు నుండి బొంబాయి మిల్లులకు వలస వెళ్ళిన కుటుంబపు స్త్రీ, సుమిత్ర అనునామె, రోజూ వచ్చి తెలుగువారి వద్ద కూర్చుండును. జీతము లేదు. మొదటి రోజున మా అమ్మ భయపడి ఏడ్చుచుండగా ఆమె, "ఏడువకు అవ్వా. నాకు సుత అయింది. ఒక రొమ్ము తీసేసిన్రు. నాలుగేండ్లయింది. పొద్దుగాల లేచి రొట్టెలు చేసుకొనే వచ్చిన," అని కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పినదట. మా అమ్మ ఏడుపు ఆపి, రొట్టెలు ఎట్లు చేస్తావని అడిగినదట. ఏడు వారములు ఆ విధముగా గడిచినవి.

ఆ ఏడు వారములూ ప్రతి గురువారము బ్రహ్మచారి గారు మా ఇంటికి వచ్చి, "ఇటు పని మీద వచ్చిన. అమ్మ కాడికెల్లి ఉత్తరం వచ్చిందా?" అని మేబెల్‌ను అడిగేవారు. చంకలో పిల్ల ఉన్నందున మేబెల్ చెప్పగా జాబుల మీద బొంబాయి చిరునామా ఆయనే వ్రాసేవారు. పనివేళలో ఎట్లు వచ్చుచున్నారని మాకు తోచలేదు. గేటు వద్ద గడియారము చూచుకొను ఉద్యోగికి తోచలేదు.

16. ఫిబ్రవరి చివర అమ్మను తీసుకొని వచ్చాను. పుండు మానినది. మూడు నెలలకు ఒకసారి వెళ్ళి చూపించుకోవలెను; అయిదేళ్ళు గడిస్తే గాని పూర్తిగా పోయినదనరాదని డాక్టర్లు చెప్పినారు. చుట్ట మానివేసింది. మానినప్పటి నుండి ఆమెతో ఒక ఇంటిలో ఉండుట కష్టముగా ఉన్నది. దానిని గురించి ఎవరికి అర్జీ పెట్టుకోవలెనో తెలియదు, పెట్టుకొనను కూడా.

మార్చి 2వ తేదీన, మానిన నోరు ఆ బాబుకు చూపిస్తానని ఆమె పట్టుబట్టగా కిటికీ వద్దకు వెళ్ళాము. అక్కడ వేరొకరు కూర్చుని ఉన్నారు.

"ఆ సార్ సస్పెండై రెండు నెలలాయె గద," అన్నారు. "ఎవరో రైల్వే ఆయన అర్జీ పెట్టిండంట."

మా అమ్మ నా వైపు చూచింది. "ఎవుడు బాబూ ఆడు?" అని ఆయననే అడిగింది. ఇంటికి వచ్చువరకు నేను ఆమెకు చెప్పలేకపోయినాను. చెప్పిన తరువాత రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడవ రోజున, "రాయడం వచ్చు గదా, మళ్ళీ రాయి," అన్నది.

17. రాంగోపాల్‌పేట్‌లో ఆయన ఇంటికి వెళ్ళి తల వంచుకొని నిలబడినాను. బ్రహ్మచారి గారు కుర్చీ వేసి, "మీ అర్జీ విచారణల చదివి వినిపించిన్రు. దస్తూరి మంచిగున్నదన్నరు," అన్నారు. ఆయన భార్య పుష్పమ్మ గారు మంచినీళ్ళు తెచ్చి, "రాతి గుండె అని రాసిన్రట గద. నాకు సుత ఇరవై ఏండ్ల సంది గదే అనుమానం," అన్నారు. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండెడిది.

సస్పెన్షన్ సంగతి మాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "అమ్మ ఆడ మంచం మీదున్నది. మీకు తక్లీఫ్ ఎందుకని చెప్పలే," అన్నారు.

18. మెమోకు ఈ నెలలో ఇంకొక నేరము చేర్చినట్లు తెలిసినది: సస్పెన్షన్‌లో ఉండి తపాలా కార్యాలయము ముందు కాగితములు పంచుట. ఇదియును నిజము. బొంబాయిలో సంఘము వారు ఆయనకు కరపత్రముల కట్ట ఇచ్చినారు. అవి మరాఠీలో ఉన్నవి. ఆయనకు తెలిసినవారి చేత చదివించి అర్థము చెప్పించుకోగా, మేబెల్ తెలుగులో వ్రాసినది. డోరా గారు అచ్చు వేయించినారు. "మానని పుండు, నొప్పి లేని గడ్డ, నోటిలో తెల్ల మచ్చ ఉంటే దాచుకొనవద్దు" అని అందులో ఉన్నది. శాఖకు విరుద్ధమైన మాట ఏదీ లేదు. మెట్ల మీద ఎందుకు నిలబడినారని అడిగితే, "నాకు గా జాగానే తెలుసు. నాలుగేండ్లు ఆడనే కూసున్న," అన్నారు. ఆ కాగితము పట్టుకొని ఇంతవరకు తొమ్మిదిమంది డోరా గారి వద్దకు వెళ్ళినారు. ఏడుగురికి ఏమీ లేదు. ఒకామెకు పండ్ల డాక్టరు చాలునన్నారు.

19. కావున నేను కోరునది: నా మొదటి అర్జీలోని ప్రతి మాటను, ముఖ్యముగా మూడవ మాటను, కొట్టివేయవలెను. సెలవు మంజూరు కాక ముందే వెళ్ళిన తప్పుకు ఏదైన జరిమానా ఉన్నచో ఆ వస్తువు నా ఇంటిది గనుక నాపై వేయవలెను. నేను రైల్వే వాడిని, నాపై వేయుటకు తమకు అధికారము లేదని తెలుసును, అయినను వేయవలెను. శ్రీ బ్రహ్మచారి గారిని వారి కిటికీ వద్ద తిరిగి కూర్చుండనియ్యవలెను. సంఘము వారి ప్రయోగశాలకు పోవు సీసాలను, డాక్టరు ధ్రువపత్రము ఉండి, సరిగా కట్టి ఉన్నచో, మరణ ధ్రువపత్రము అడుగక తీసుకొనవలెనని అన్ని కార్యాలయములకు ఉత్తర్వు ఇవ్వవలెను. ఆయన తిరిగి వచ్చినను ఉత్తర్వు లేనిదే సీసా తీసుకొనరు. ఆయనను నేను ఎరుగుదును.

తీరిక చేసుకొని, కోపము లేనప్పుడు, దీనిని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
కె. దేవానందం

జతపరచినవి: సంఘము వారి రసీదు (ముద్రతో) 1, తెలుగు కరపత్రము 1, తమ ఇంటివారి కొరకు.

తా.క. పై తొమ్మిదిమందిలో తొమ్మిదవ ఆమె అనసూయమ్మ గారు, రాంగోపాల్‌పేట్‌లో గాజుల అంగడి నడుపుకొనుచున్నారు. మెడ ప్రక్కన గడ్డ. శనివారమునాడు ముక్క తీసినారు. 21వ తేదీలోగా బొంబాయి చేరవలెను. కొత్త గుమాస్తా గారు తమ ఉత్తర్వు వచ్చువరకు సీసా ముట్టనన్నారు, వారిని నేను తప్పుపట్టను, వారి మీద అర్జీ కూడా వ్రాయను. నేను ఈ కాగితము వ్రాయుచుండగా బ్రహ్మచారి గారు కంబళితో వచ్చి మా అరుగుపై కూర్చుని ఉన్నారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి ఊరు విడిచి వెళ్ళుటకు సెలవు మంజూరు కావలెనా, అక్కరలేదా, రూలు పుస్తకములో తనకు కనబడలేదు, సూపరింటెండెంటు గారిని అడిగి వ్రాయించుమని చెప్పుచున్నారు. అడుగుచున్నాను. బండి ఆరు గంటలకు. ఇప్పుడు నాలుగూ యాభై అయినది.